గోలుపు దిబ్బ కేడీ

కనిగిరి,
20 జూన్ 1999

అత్తకు సలాం.

ఈ ఉదయం హాస్టల్ కుళాయి కింద ఒక కప్ప కూర్చుని ఉంది. నీటిచుక్క పడినప్పుడల్లా కళ్ళు మూసుకుంటోంది, మళ్ళీ తెరుస్తోంది. అక్కడి నుంచి మాత్రం జరగదు. బకెట్టు పెట్టాలంటే దాన్ని లేపాలి. లేపడానికి మనసొప్పక పక్క కుళాయి దగ్గర వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చి, స్నానం అయ్యి, వెళ్ళేసరికి ఉప్మా అయిపోయింది.

నీ ఉత్తరం నిన్న అందింది. అబ్బాయి పేరు ఇలియాస్, చీరాలలో అద్దె పుస్తకాల షాపు, దాంతోపాటు నోటు పుస్తకాల వ్యాపారం, తండ్రి గఫూర్ గారు టైలరు. అన్నీ చదివాను. ఫోటో కూడా చూశాను. నా ఇష్టం ఏమిటని అడిగావు. నీ ఇష్టమే నా ఇష్టం.

కానీ ఉత్తరం చివర, జిగురు అంటించే మడత మీద ఇరికించి ఒక మాట రాశావు. "వాళ్ళు మన కేడీ సంగతి ఎత్తారు." అంతే రాసి అంటించేశావు. సగం అక్షరాలు చింపడంలో పోయాయి.

తాతను ఊరంతా కేడీ బుడాన్ అంటారని నాకు తెలుసు. చిన్నప్పుడు అది మన ఇంటిపేరు అనుకున్నాను. కాన్వెంట్లో చేరిన రోజు సిస్టర్ ఇంటిపేరు అడిగితే "కేడీ" అని గట్టిగా చెప్పాను. జీవితంలో నేను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే. ఆవిడ కె.డి. రిహానా అని రాసుకుంది. సర్టిఫికెట్లన్నిటి మీదా అదే ఉంది. కేడీ అంటే పోలీసుల పుస్తకంలో పేరెక్కిన పాత దొంగ అని ఇంటర్లో ఒక ఎస్.ఐ. గారి అమ్మాయి చెప్పింది. ఆ పూట నేను అన్నం తినలేదు.

అత్తా, తాత నిజంగా దొంగతనం చేశాడా? నాకు గుర్తున్న తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగేవాడు. బల్లి కనపడితే మంచం ఎక్కి నిన్ను కేకేసేవాడు. బల్లికి భయపడే మనిషి గోడ దూకుతాడా?

మడతల మీద రాయకు. ఇంకో కాగితం తీసుకో.

రిహానా


పేరాల, చీరాల,
27 జూన్ 1999

అమ్మాయ్ రిహానా,

కప్ప గురించి అంత రాశావు, పెళ్ళి గురించి ఒక ముక్క రాశావు. నీ ఇష్టమే నా ఇష్టం అంట. నేను చేసుకుంటానా ఆ పిల్లోణ్ణి?

ఏం జరిగిందో చెప్తా విను. గఫూర్ గారు వచ్చాడు. కూర్చున్నాడు. టీ తాగాడు. అంతా బాగుంది. పిల్ల టీచరా, ఇంగ్లీషా, బాగు బాగు అన్నాడు. లేచేటప్పుడు గోడ మీద మా నాన్న ఫోటో చూసి ఆగిపోయాడు. "ఈయన దూది ఏకే బుడాన్ కదూ? కేడీ బుడాన్?" అన్నాడు. నేనేం చెప్పేది? అవునన్నా. ఆయన టేపు మెళ్ళో నుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. "మా నాయన ఇమాం హుస్సేన్ పోలీసులో చేశాడమ్మా జహీరా. పోలీసోడి ఇంటికి కేడీ ఇంటి పిల్లని ఎట్టా తెచ్చుకుంటాం?" అన్నాడు. ఆ మాటకి నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆగస్టు నెలాఖరు దాకా చూస్తారంట. ఈలోపు ఆ మచ్చ సంగతి తేలకపోతే ఒంగోలు సంబంధం ఖాయం చేసుకుంటారంట. ఎట్టా తేల్చాలి? చచ్చిపోయినోణ్ణి లేపి అడగాలా?

నాన్న ఏం చేశాడో నాకూ తెలియదు. నేను పసిపిల్లప్పుడు బజారు మధ్యలో పోలీసులు తాడు కట్టి తీసుకుపోయారని మా అమ్మ ఏడ్చేది. ఎందుకని అడిగితే నాన్న నవ్వేవాడు. అంత సిగ్గులేని నవ్వు నేను ఎవరి దగ్గరా చూడలేదు.

ఆయన ఆస్తి ఈ ఇంట్లో రెండే మిగిలాయి. ఒకటి విల్లు. రెండు ఆ తెల్ల గుడ్డు. గుర్తుందా? గట్టిగా ఉంటది, దోమలు కుట్టినట్టు ఒళ్ళంతా గుంటలు. కోళ్ళ గంపలో ఉంచితే పెట్టలు దాన్ని చూసి అక్కడే గుడ్లు పెడతాయని ఆయనే పెట్టాడు. పొడ పెట్ట దాన్ని పొదిగీ పొదిగీ చిక్కి సగమైంది. లేపబోతే పొడుస్తంది.

సరిగా తిను.

జహీరున్నీసా


కనిగిరి,
10 జూలై 1999

అత్తా!

ఆశ్చర్యార్థకం పెట్టినందుకు ఏమీ అనుకోకు. కుదురుగా రాయాలని రెండు కాగితాలు పాడుచేశాను.

గురువారం తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు పాఠం చెబుతున్నాను. నగ్మా అనే అమ్మాయి లేచి చదువుతోంది. పాఠంలో ఒక దొర ఆటకు వెళ్తాడు, వెనకాల అతని సంచీ మోస్తూ ఒకడు నడుస్తాడు. నగ్మా చదివి తెలుగులో చెప్పింది: "కేడీ సంచీ తీసుకుని దొర వెనకాలే వెళ్ళెను." క్లాసంతా ఒకటే నవ్వు. "దొంగ, మిస్! సంచీ కొట్టేశాడు, మిస్!" అని అరిచారు. "ష్, అది కేడీ కాదు, క్యాడీ" అన్నాను. అని, సుద్దముక్కతో రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కనే రాశాను.

క్యాడీ అంటే గోల్ఫ్ అనే ఆటలో కర్రల సంచీ మోసే మనిషి. పాఠం పక్కన బంతి బొమ్మ ఉంది. తెల్లగా, ఒళ్ళంతా గుంటలు. అత్తా, అది మన కోళ్ళ గంపలో ఉన్న గుడ్డు.

ఇంకా ఉంది. వాడరేవు దారిలో తాత నన్ను తీసుకెళ్ళే ఇసుక దిబ్బ, గోలుపు దిబ్బ. గొల్లలు మేకలు మేపే దిబ్బ కాబట్టి ఆ పేరు అనేవారు. అది గొల్లల దిబ్బ కాదు. గోల్ఫ్ దిబ్బ. పొగాకు కంపెనీ దొరలకు అక్కడ క్లబ్బు ఉండి ఉంటుంది. తాత ఆ క్లబ్బులో పనిచేశాడు. అంతే ఆయన చేసిన నేరం.

క్లాసులోనే నవ్వు వచ్చింది. ఆపుకోలేక వరండాలోకి వెళ్ళి స్తంభం వెనక నవ్వాను. పెద్ద సిస్టర్ చూసి ఒంట్లో బాగుండలేదేమో అనుకుని గ్లూకోజు నీళ్ళు ఇచ్చింది.

వెంటనే వెళ్ళి గఫూర్ గారికి చెప్పు. ఈ సంబంధం చెడిపోకూడదు. ఎందుకని అడగకు.

ఇవాళ స్కూలుకు నోటు పుస్తకాలు వచ్చాయి, చూసి తీసుకునే పని నాకు అప్పగించారు. అందుకని ఇక్కడితో ఆపుతున్నాను.

నీ
కేడీ గారి మనవరాలు


పేరాల,
13 జూలై 1999

ఏమే రిహానా,

క్లబ్బా? నాన్న క్లబ్బులో పనిచేశాడా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెట్టా వచ్చింది? ఈ మూడు వీధుల్లో క్లబ్బుకి పోయి పేకాడి ఇళ్ళు అమ్ముకోని కొంప ఉందా? కేడీ అన్నది చాలక ఇప్పుడు క్లబ్బు కూడానా! ఇది పోయి గఫూర్ గారికి చెప్పాలా నేను? దొంగ కాదు సాయిబూ, జూదగాడు, అని చెప్పాలా?

మొన్న నీ ఇష్టం అన్నావు. ఇప్పుడు చెడిపోకూడదు అంటున్నావు. ఫోటోని ఎన్నిసార్లు చూశావేంటి?

ఇంకో సంగతి. నీ ఉత్తరం శనివారం తారీకు వేసి ఉంది, శనివారం సాయంత్రమే తలుపు కింద పడి ఉంది. దాని మీద పోస్టు ముద్ర కూడా లేదు. పోస్ట్‌మాన్ అంకయ్యని నిలేశా. "నేను శనివారం సాయంత్రం రానే లేదమ్మా" అంటాడు. తెచ్చిందీ తెలియదు, ముద్ర వెయ్యడమూ తెలియదు. ఏం ఉద్యోగమో!

అదే సాయంత్రం కోళ్ళు ఒకటే గోల. పిల్లి వచ్చినట్టుంది.

జహీరున్నీసా


కనిగిరి,
17 జూలై 1999

అత్తకు,

ఆ క్లబ్బు వేరు. ఇందులో పేకలు ఉండవు, అప్పులు ఉండవు. బయట, ఎండలో ఆడే ఆట. చేతిలో పొడుగు కర్ర. నేల మీద చిన్న బంతి. చాలా దూరంలో ఒక గుంట, ఆ గుంటలో ఒక జెండా. కర్రతో కొట్టుకుంటూ బంతిని ఆ గుంటలో వెయ్యాలి. అలా తొమ్మిది గుంటలో, పద్దెనిమిదో ఉంటాయి. ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. పెద్ద సిస్టర్ కొడైకెనాల్లో చదువుకుంది, అక్కడ చూసిందట, ఆవిడే చెప్పింది. నేను మొహమాటం వదిలి అన్నీ అడిగాను. నేను అడగడమే ఆవిడకు వింతగా ఉంది. "రిహానాకు ఆటల మీద ఆసక్తి కలిగింది" అని అసెంబ్లీలో చెప్పింది. ఇప్పుడు నాకు త్రోబాల్ అప్పగించారు.

క్యాడీ కర్రల సంచీ మోయాలి, బంతి ఎక్కడ పడిందో చూసి పెట్టుకోవాలి, ఏ దూరానికి ఏ కర్ర పనికొస్తుందో దొరకు చెప్పాలి. గౌరవమైన పని.

కానీ మనం చెబితే గఫూర్ గారు నమ్మాలి కదా. పాఠం చూపిస్తే లాభం లేదు, అది ఇంకో దేశం కథ. ఆ దిబ్బను చూసినవాళ్ళు ఎవరైనా కావాలి. దిబ్బ పక్క గుడిసెలో అంకమ్మ అనే ముసలావిడ ఉండేది, తాతతో వెళ్ళినప్పుడు నాకు తేగలు ఇచ్చేది. ఆవిడ ఉందా?

అంకయ్యను తిట్టకు. ఆయన తప్పు లేదు.

ఫోటోను నేను ఎక్కువసార్లు చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

రిహానా


పేరాల,
25 జూలై 1999

అమ్మాయ్,

అంకమ్మ ఉంది. చెవులు పోయాయి గానీ నోరు ఉంది. రిక్షా కట్టించుకుని పోయా. దిబ్బ మీద ఇప్పుడు అంతా సరుగుడు తోటలు. తోట కొట్టేసిన చోట ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు, రంగుకాగితాల తోరణాలు కట్టారు. అంకమ్మ ఆ తోరణాల కింద మంచం వేసుకుని పడుకుని ఉంది, పెళ్ళిపందిట్లో మాదిరి.

"పెద్దమ్మా, ఈడ దొరలు ఏం ఆడేవాళ్ళు?" అని చెవిలో అరిచా.

"ఏం ఆటలే! పిచ్చి సన్నాసులు. తెల్ల గుడ్డుని కర్రెట్టి కొట్టేది, యాడ పడిందో ఎతుక్కునేది. దొరికితే మళ్ళీ కొట్టేది! దొరికిందిగా, జేబులో ఏసుకుని ఇంటికి పోవచ్చుగా?"

అంకమ్మకి ఆడ కూలి ఉండేదంట. ఈ ఇసకలో గడ్డి యాడ మొలుస్తది? గుంటల చుట్టూ ఇసకలో కాలిన ఇంజనాయిలు కలిపి, తొక్కి, అరుగు మాదిరి చదును చేసేవాళ్ళంట. దొర ఆడి పోయాక ఆమె గోతాం పట్టా లాగి అడుగుల గుర్తులు చెరపాల. కాళ్ళు నల్లగా అయ్యేవంట. "మా అత్త నన్ను గుమ్మంలోకి రానిచ్చేది కాదు. మా ఆయన పెళ్ళయ్యాక నా అసలు కాళ్ళ రంగు చూసింది మూడో కానుపుకి" అని చెప్పి ఒకటే నవ్వు.

జెండాలు నిలిచేవి కావంట. ఎగరేసిన వారానికి ఊళ్ళో ఎవడో ఒకడి మొలకి ఉండేవి. గేదెలు వచ్చి ఇసక గుంటల్లో పడుకునేవంట. గేదె లేవకపోతే బంతిని తీసి పక్కన పెట్టుకోవచ్చని దొరలు బోర్డు రాయించారంట. దొరలు పోయాక మన ఆఫీసర్లు కొన్నాళ్ళు ఆడారు. తర్వాత ఆఫీసు గుంటూరు పోయింది, తుఫానుకి షెడ్డు కప్పు ఎగిరిపోయింది, జనం మిగతాది ఇళ్ళకి పట్టుకుపోయారు. అంకమ్మ గుడిసె తలుపు ఆ క్లబ్బుదే. మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

అన్నిటికంటే ఇది విను. దొర కర్ర ఎత్తి కొట్టబోతూ "పోర్!" అని అరిచేవాడంట, ఎదురుగా ఎవరన్నా ఉంటే తప్పుకోమని. మాలకొండయ్య అని ఒకాయన గేదెలు కాసేవాడు. ఆయనకి అది "పోరా!" అని వినపడేది. రోజూ ఎవడో ఒక దొర తనని పోరా అంటున్నాడని ఆయనకి మంట. "నువ్వే పోరా! నీ అబ్బ పోరా!" అని దిబ్బెక్కి అరిచేవాడంట. ఒకరోజు పోయి పోలీసులకి చెప్పాడు. ఆ తర్వాత ఏం జరిగిందే అంటే అంకమ్మకి నిద్ర వచ్చింది.

నేను ఆగలేక, వచ్చేదారిలోనే గఫూర్ గారి షాపుకి పోయి చెప్పా. మా నాన్న దొంగ కాదు సాయిబూ, దిబ్బ మీద తొమ్మిది గుంటలు ఉండేవి, గుంటకో జెండా గుర్తు, మా నాన్న సంచీ మోసుకుని గుంట గుంటకీ తిరిగేవాడు, అన్నా. ఆయన మిషన్ ఆపేశాడు. "తొమ్మిది చోట్ల పాతిపెట్టాడా?" అన్నాడు.

ఇప్పుడు మనం మామూలు దొంగలం కూడా కాదు. పెద్ద దొంగలం. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

మళ్ళీ శనివారం సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది, ముద్ర లేదు. మళ్ళీ కోళ్ళు అరిచాయి. ఈసారి చెంబు పట్టుకుని కూర్చుంటా.

అత్త


కనిగిరి,
31 జూలై 1999

అత్తా,

నీ ఉత్తరాన్ని స్టాఫ్ రూములో చదివాను. "పోరా" దగ్గర చాక్‌పీసుల డబ్బా కింద పడేశాను. "తొమ్మిది చోట్ల పాతిపెట్టాడా" దగ్గర నేనే కింద కూర్చున్నాను. లెక్కల టీచరు ఉదయశ్రీ ఏమిటని అడిగితే ఉత్తరం చేతికిచ్చాను. నేను ఎవరికైనా నా ఉత్తరం చూపించడం ఇదే మొదటిసారి. ఇప్పుడు స్టాఫ్ రూములో ఎవరు తలుపు తీసినా "పోర్!" అంటున్నారు.

గఫూర్ గారికి మాటలతో చెబితే లాభం లేదు. చూపించాలి. నేను నిన్న సాయంత్రం హాస్టల్ వరండాలో చీపురు తిరగేసి పట్టుకుని నిమ్మకాయతో ఆడి చూశాను. చివర ఒక గ్లాసు పడుకోబెట్టాను, అదే గుంట. మొదటి దెబ్బకు నిమ్మకాయ మెట్లు దిగి వంటగదిలోకి వెళ్ళి సాంబారు గిన్నెలో పడింది. ఎత్తిన చీపురుతో నిలబడి ఉండగా పెద్ద సిస్టర్ వచ్చింది. ఆవిడ సాంబారు వైపు చూసి, "భుజాలు కదలకూడదమ్మాయ్, నడుము తిప్పాలి" అంది.

కాబట్టి ఇలా చెయ్యి. పొడ పెట్ట కింద నుంచి బంతి తీసుకో. చేతికి గుడ్డ చుట్టుకో, పొడుస్తుంది. రేపు ఆదివారం, షాపు ఉండదు. వాళ్ళింటికే వెళ్ళు. ఒక కర్ర, ఒక గ్లాసు అడుగు. అందరి ముందు బంతి కొట్టి చూపించి, ఇది ఆట, మా నాన్న ఈ ఆటలో కర్రలు మోసేవాడు, ఆ పనిని ఇంగ్లీషులో కేడీ అంటారు, అని చెప్పు. గుంటలు అన్న మాట ఎత్తకు. క్లబ్బు అని అసలే అనకు.

వాళ్ళింట్లో గఫూర్ గారి తల్లి జానీబీ గారు ఉన్నారట కదా, మంచం మీదే ఉంటారని, మాట మాత్రం స్పష్టంగా ఉందని విన్నాను. ఆవిడ భర్తే కదా ఆ పోలీసు. ఆవిడ వినేలా చెప్పు.

ఒంగోలు సంబంధం అమ్మాయి డిగ్రీ ఫెయిలైందట. ఊరికే చెబుతున్నాను.

పిల్లిని కొట్టకు, అత్తా. పాపం.

రిహానా


పేరాల,
2 ఆగస్టు 1999

ఒసే రిహానా, ఒసే కేడీదానా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

శనివారం దీపాలు పెట్టే వేళకి కోళ్ళు అరిచాయి. నేను తలుపు వెనక చెంబుతో ఉన్నా. నీడ కనపడగానే విసిరేశా. తగిలింది! "అబ్బా" అన్నట్టు వినపడింది. ఈ కాలంలో పిల్లులు కూడా మనుషుల మాదిరే అరుస్తున్నాయి. దీపం తెచ్చి చూస్తే పిల్లి లేదు, నీ ఉత్తరం ఉంది.

ఆదివారం పొద్దున్నే పోయా. బంతి తీసేటప్పుడు పొడ పెట్ట రెండు చోట్ల పొడిచింది. గఫూర్ గారింట్లో అందరూ ఉన్నారు. నీ ఇలియాస్ కూడా. కుదురైన పిల్లోడే గానీ నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. ద్వారబంధం తగిలిందంట. పుస్తకాల షాపులో ద్వారబంధం అంత కిందికి ఉంటదా? నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. సిగ్గనుకున్నా.

కర్ర అడిగితే గఫూర్ గారు జానీబీ గారి చేతికర్ర ఇచ్చాడు. గ్లాసు పడుకోబెట్టా. బిస్మిల్లా అనుకుని కొట్టా. నువ్వు నడుము తిప్పమన్నావు, తిప్పా. బంతి గ్లాసు మీదకి పోలా. గోడకి తగిలి, బీరువాకి తగిలి, జానీబీ గారి మంచం కిందికి పోయింది. గఫూర్ గారు కుట్టుమిషన్ వెనక దాక్కున్నాడు.

జానీబీ గారు చెయ్యి కిందికి పెట్టి బంతి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి, పళ్ళు లేని నోరు తెరిచి నవ్వడం మొదలెట్టింది. ఆపదే! నీళ్ళు తాపించాం. "గోలుపు! గోలుపు కేడీ! బుడాన్ కూతురివటే నువ్వు?" అంది.

గఫూర్ గారు "అమ్మీ, ఏంది?" అన్నాడు.

"మీ అబ్బా చేసిన నిర్వాకంరా నాయనా" అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. మాలకొండయ్య పోలీసులకి చెప్పుకున్నాడని అంకమ్మ అందిగా. అప్పుడు విచారణకి పంపింది ఎవర్నో తెలుసా? ఇమాం హుస్సేన్‌ని! గఫూర్ గారి నాన్నని! కొత్తగా చేరాడంట, ఎవరినన్నా పట్టుకోవాలని ఒకటే ఆరాటం. దిబ్బ ఎక్కాడు. దొరలని ఏం అనగలడు? పక్కన సంచీ మోస్తా మా నాన్న నిలబడి ఉన్నాడు. "ఎవడ్రా నువ్వు?" అన్నాడు. మా నాన్న ఛాతీ విరుచుకుని "కేడీని సార్!" అన్నాడు. "ఏందీ?" అంటే "పాత కేడీని సార్, దొర గారికి నేనే పెద్ద కేడీని" అన్నాడంట!

తనంతట తనే ఒప్పుకున్నోణ్ణి ఏ పోలీసు వదులుతాడు? తాడు కట్టి బజారంతా నడిపించుకుంటా తీసుకుపోయాడు.

ఆట మధ్యలో కేడీ పోయేసరికి ఆ దొర మోకాళ్ళ దాకా నిక్కరుతోనే స్టేషనుకి వచ్చి కేకలు పెట్టాడంట. ఇన్‌స్పెక్టరుకి విషయం అర్థమయ్యి, ఇమాం హుస్సేన్‌కి ఏం శిక్ష వేశాడో తెలుసా? దొర గారి మిగతా ఆటంతా సంచీ నువ్వే మొయ్యి అన్నాడు! పోలీసు టోపీ పెట్టుకుని, కర్రల సంచీ భుజాన వేసుకుని, దొర వెనకాల చీకటి పడేదాకా మోశాడంట. మా నాన్న స్టేషన్లో కూర్చుని టీ తాగాడు.

"మీ నాయన ఇంటికొచ్చి భుజానికి కాపడం పెట్టించుకున్నాడు. ఎవరికన్నా చెబితే చంపుతానన్నాడు. పోయాడుగా, ఇంక చెప్పొచ్చులే" అంది జానీబీ గారు. తర్వాత కొడుకు వంక చూసి, "కేడీ ఇంటి పిల్ల వద్దంటివే! ఆ లెక్కన నువ్వు కేడీ కొడుకువిరా గఫూరూ!" అంది.

గఫూర్ గారు టేపు మెళ్ళో వేసుకున్నాడు. వేసుకుని, "అమ్మాయి బ్లౌజు కొలతలు పంపించమ్మా జహీరా" అన్నాడు.

అయిపోయింది! ఖాయం! రంజాన్ ముందే పెళ్ళి పెట్టుకుందామన్నారు.

నేను ఒకటి అడిగా. తీసుకుపోయేటప్పుడు బజారంతా చూసింది, మరి వదిలేసిన సంగతి ఎవరూ ఎందుకు చూడలేదు అని. దొర కారు వెనక సీట్లో, కర్రల మధ్యలో కూర్చోబెట్టి దించారంట. నాన్న పొట్టి మనిషి. ఎవరికీ కనపడలా.

రాస్తుంటే నాన్న నవ్వు గుర్తొస్తంది.

అత్త


కనిగిరి,
7 ఆగస్టు 1999

అత్తకు,

కూర్చునే చదివాను. మెస్‌లో కూర్చున్నాను. "నువ్వు కేడీ కొడుకువిరా" దగ్గర మజ్జిగ ముక్కులోంచి వచ్చింది. ఉదయశ్రీ వీపు మీద కొట్టింది. కాసేపటికి మెస్‌లో వాళ్ళందరికీ ఉత్తరం చదివి వినిపించాను. నేను, అత్తా, అందరి ముందు, గట్టిగా. జానీబీ గారి గొంతు కూడా పెట్టాను. పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ క్లబ్బులో ఏ కర్రలు వాడేవాళ్ళో మీ అత్తను అడుగు అంది. ఏ కర్రలైనా మా అత్తకు ఫరవాలేదు, జానీబీ గారి చేతికర్ర చాలు అన్నాను.

నేను ఒక విషయం ఆలోచిస్తున్నాను. తాత ఒక్క మాట చెబితే ఆ పేరు పోయేది. ఎందుకు చెప్పలేదు? నువ్వు ఒకసారి అన్నావు, దూది ఏకిన ఇళ్ళలో తాతతో బేరం ఆడినవాళ్ళను చూడలేదని. ఎవరు ఆడతారు? గుమ్మం ముందు కేడీ బుడాన్ విల్లు పట్టుకుని నిలబడితే. క్లబ్బు పోయింది, దొరలు పోయారు, జెండాలు మొలలకెక్కాయి. కేడీ అన్న పేరొక్కటి ఆయనకు మిగిలింది. అది నానమ్మను ఏడిపించింది, అది నాకు తెలుసు. దానికి ఆయన్ను నేను ఒక పూట కోప్పడతాను. మిగతా పూటలు నవ్వుతాను.

సర్టిఫికెట్లలో పేరు మార్పించమని నువ్వు అంటావేమో. మార్పించను. కె.డి. రిహానా అనే ఉంటుంది. పెళ్ళి కార్డులో కూడా అలాగే వేయించు. గఫూర్ గారు ఏమైనా అంటే ఆయన పేరు ముందు కూడా కె.డి. వేయిస్తామని చెప్పు.

బంతి మళ్ళీ గంపలో పెట్టావా? పొడ పెట్ట బెంగపడుతుంది. అంకమ్మ గుడిసె తలుపు మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు నేను చదవాలి. ప్లాట్లవాళ్ళు గుడిసె తీయకముందే వస్తాను. బహుశా గేదెల గురించి రాసిన బోర్డు అయి ఉంటుంది.

బ్లౌజు కొలతలు ఉదయశ్రీ తీసింది, వెనక రాశాను. భుజాలు వదులుగా కుట్టమను. నేను ఆట నేర్చుకుంటున్నాను.

కప్ప ఇంకా అదే కుళాయి కింద ఉంది. ఇప్పుడు దాన్ని లేపి బకెట్టు పెట్టుకుంటున్నాను.

ఇంకొకటి. అంకయ్య గారికి క్షమాపణ చెప్పు. జూలై నుంచి నా ఉత్తరాలు పోస్టులో వెయ్యడం లేదు. శనివారం శనివారం మా స్కూలుకు నోటు పుస్తకాలు వేసేది ఇలియాస్. వెళ్తూ నా ఉత్తరం పట్టుకెళ్ళి నీ తలుపు కింద తోస్తాడు.

అది పిల్లి కాదు.

రిహానా